పాత సిస్టంకు కొత్త గ్రాఫిక్స్ కార్డు: ఇరుకు ఎక్కడుందో చూసి కొనండి

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే జగ్గయ్యపేట, నందిగామ ఫొటో స్టూడియోల్లో కంప్యూటర్లకు తీరిక ఉండదు. పగలంతా ఆల్బమ్ డిజైనింగ్, రాత్రంతా వీడియో ఎక్స్‌పోర్టు. పక్క షాపులో ఫ్లెక్సీ బ్యానర్లు, ఆ పక్కన డీటీపీ సెంటర్లో శుభలేఖలు, కరపత్రాలు. ఈ పనులన్నీ మోస్తున్న సిస్టంలలో పదేళ్లు దాటినవి తక్కువేమీ కాదు. పని నెమ్మదించినప్పుడు ముందుగా వినిపించే సలహా ఒకటే: "ఒక గ్రాఫిక్స్ కార్డు వేయించండి."

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. ఒకే మోడల్ కార్డును మూడు పాత సిస్టంలలో వేశారనుకోండి. మొదటి దాంట్లో ఎక్స్‌పోర్టు సమయం బాగా తగ్గుతుంది. రెండో దాంట్లో స్విచ్ వేయగానే ఫ్యాను ఒక్కసారి తిరిగి ఆగిపోతుంది, డిస్‌ప్లే రాదు. మూడో దాంట్లో అన్నీ సక్రమంగా ఉన్నట్టే కనిపిస్తాయి కానీ ఎడిటింగ్ టైమ్‌లైన్ మునుపటికన్నా ఎక్కువ తడబడుతుంది. కార్డు ఒకటే, పెట్టిన డబ్బు ఒకటే, ఫలితాలు మాత్రం మూడు రకాలు.

ఈ తేడాకు కారణం కార్డు చుట్టూ ఉన్న యంత్రంలో ఉంది. పాత సిస్టంలో కరెంటు, స్లాటు, మెమరీ, వీడియో ఫైలు రకం, గది వేడి అనే అయిదు చోట్ల ఇరుకు రావచ్చు. వాటిలో ఏది ఎక్కువ ఇరుకైతే మొత్తం పని వేగం అక్కడే తేలుతుంది. ఆ ఇరుకు ఏదో తెలిస్తే తక్కువ ధర కార్డు కూడా చక్కగా పనికొస్తుంది. తెలియకపోతే ఖరీదైన కార్డు కూడా వృథానే.

వందల చేతులు, ఒకే పని

ముందు గ్రాఫిక్స్ చిప్ చేసే పనేమిటో చూద్దాం. పెళ్లి ఆల్బమ్‌లలో వాడే 12 × 36 అంగుళాల కరిజ్మా షీటును 300 డీపీఐలో తయారుచేస్తే అందులో 3,600 × 10,800, అంటే దాదాపు 3.9 కోట్ల చుక్కలుంటాయి. 4కే వీడియోలో ఒక్కో ఫ్రేమ్‌కు దాదాపు 83 లక్షల చుక్కలు. సెకనుకు 25 ఫ్రేమ్‌ల చొప్పున లెక్కిస్తే సెకనుకు 20 కోట్ల చుక్కలు దాటుతాయి. రంగు కాస్త పెంచాలన్నా, చర్మం మెరుపు సరిచేయాలన్నా ఈ చుక్కలన్నిటి మీదా ఒకే చిన్న లెక్క వేయాలి. ఒక చుక్క లెక్కకు పక్క చుక్క ఫలితంతో సాధారణంగా పని ఉండదు.

మిరప కోతలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. విత్తనం ఎంపిక, మందు మోతాదు, అమ్మే సమయం వంటివి తేల్చడానికి అనుభవమున్న నలుగురు చాలు. ఎకరాల కొద్దీ చేలో కాయ కోయడానికి మాత్రం ముఠా కావాలి. అందరిదీ ఒకే పని, ఎవరి సాలు వాళ్లది. ప్రాసెసర్ ఆ నలుగురి లాంటిది. 2012 నాటి ఐ5-3470లో నాలుగు కోర్లే ఉంటాయి, అయితే ఒక్కోటి ఎంత చిక్కు లెక్కనైనా విప్పగలదు. గ్రాఫిక్స్ చిప్ ముఠా లాంటిది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన జీటీఎక్స్ 1650లో 896 చిన్న కోర్లున్నాయి. ఒక్కోదాని తెలివి తక్కువే కానీ, అన్నీ కలిసి ఒకే లెక్కను ఒకేసారి కోట్ల చుక్కల మీద వేస్తాయి.

ముఠా ఎంత పెద్దదైనా ఏ సాలు ఎవరిదో చెప్పేవాళ్లుండాలి, కూలీలకు కడుపు నిండా తిండి పెట్టాలి, చేనుకు సరైన బాట ఉండాలి, కోసిన కాయ పోయడానికి కల్లం చాలాలి. వీటిలో ఏ ఒక్కటి చాలకపోయినా సగం మంది ఖాళీగా నిలబడతారు. పాత సిస్టంలో కొత్త కార్డుకు జరిగేది కూడా అదే. ప్రాసెసర్ పని పంచి ఇవ్వలేకపోతే కార్డు ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

[బాక్స్] ఒక కార్డులో మూడు యంత్రాలు

గ్రాఫిక్స్ కార్డు అని మనం ఒకే పేరుతో పిలిచే పలకలో మూడు వేర్వేరు భాగాలున్నాయి.

*లెక్కల కోర్లు:* గేములు, కలర్ గ్రేడింగ్, ఎఫెక్టులు, త్రీడీ పని చేసేవి ఇవే.

*వీడియో విభాగం:* కెమెరా కుదించిన ఫైలును విప్పేందుకు డీకోడర్, తయారైన వీడియోను మళ్లీ కుదించేందుకు ఎన్‌కోడర్. ఇవి లెక్కల కోర్లతో సంబంధం లేని ప్రత్యేక సర్క్యూట్లు.

*డిస్‌ప్లే విభాగం:* మానిటర్‌కు బొమ్మ పంపేది. జీటీఎక్స్ 10 సిరీస్ మొదలుకొని ఎన్విడియా కార్డుల చిప్‌లలో పాత వీజీఏ సిగ్నల్ లేదు. వీజీఏ మానిటర్ వాడేవాళ్లు కన్వర్టర్ కూడా కొనుక్కోవాలి.

ఒక భాగం బలంగా ఉన్న కార్డులో ఇంకో భాగం అసలే లేకపోవచ్చు. కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

మొదటి ఇరుకు: కరెంటు

డిస్‌ప్లే రాని రెండో సిస్టం సంగతి ముందు చూద్దాం. మదర్‌బోర్డు మీద కార్డు కూర్చునే పొడవాటి స్లాటు గరిష్ఠంగా 75 వాట్లు ఇవ్వగలదు. అంతకు మించి తాగే కార్డుకు, సిస్టం మొత్తానికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. ఆరు పిన్నుల వైరైతే ఇంకో 75 వాట్లు, ఎనిమిది పిన్నుల వైరైతే 150 వాట్లు అందుతాయి.

అసెంబుల్డ్ సిస్టంల క్యాబినెట్‌తో పాటే వచ్చే చౌక ఎస్ఎంపీఎస్‌ల మీద 450 వాట్లని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకెను నమ్మి కార్డు కొనకండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా 12 వోల్టుల లైను మీద బతుకుతాయి. ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన పట్టికలో 12వీ అన్న గడి వెతికి, అక్కడున్న ఆంపియర్లను 12తో గుణించండి. 14 ఆంపియర్లని ఉంటే ఆ లైను ఇచ్చేది 168 వాట్లే. ఐ5-3470 పూర్తి పనిలో 77 వాట్ల దాకా తీసుకుంటుంది. దానికి 75 వాట్ల కార్డు కలిస్తే 152. హార్డ్‌డిస్కు, ఫ్యాన్లు కూడా ఆ లైను మీదే ఉంటాయి కాబట్టి మిగులు దాదాపు శూన్యం. పైగా ఎస్ఎంపీఎస్ పాతబడేకొద్దీ లోపలి కెపాసిటర్ల బలం తగ్గుతుంది. కార్డు ఒక్కసారిగా కరెంటు లాగిన క్షణంలో వోల్టేజీ పడిపోయి సిస్టం ఆగిపోయేది అందుకే.

కంపెనీలు వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ డెస్క్‌టాప్‌లు కొన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. డెల్ ఆప్టిప్లెక్స్ 7010 చిన్న మోడల్‌లో ఎస్ఎంపీఎస్ 240 వాట్లే. కొలతలు ఆ పెట్టెకే ప్రత్యేకం కాబట్టి బజారులో దొరికే మామూలు ఎస్ఎంపీఎస్ అందులో పట్టదు. ఆ పెట్టె సన్నం కూడా కావడంతో సగం ఎత్తుండే లో ప్రొఫైల్ కార్డే కూర్చుంటుంది. కొనే ముందు మూత విప్పి స్కేలుతో ఎత్తు, పొడవు కొలిచి రాసుకోవాలి.

యూపీఎస్ లెక్క కూడా వేసుకోండి. చాలా షాపుల్లో ఉండే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. సిస్టం, మానిటర్, బరువైన కార్డు కలిసి ఆ హద్దును దాటితే కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది, రాత్రంతా సాగిన ఎక్స్‌పోర్టు మళ్లీ మొదటికొస్తుంది. పాత సిస్టంకు 75 వాట్ల లోపు కార్డులే మేలనడానికి ఇదే ప్రధాన కారణం. జీటీ 1030 (30 వాట్లు), ఆర్ఎక్స్ 6400 (53 వాట్లు), 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 (70 వాట్లు), జీటీఎక్స్ 1050 టీఐ, 1650 (75 వాట్లు) ఈ హద్దులోనే ఉంటాయి. చివరి రెండింటిని కొన్ని కంపెనీలు వేగం పెంచి, విడి వైరు కావాల్సిన రకంగా కూడా అమ్మాయి. అందుకే కొనే ముందు కార్డు అంచున పవర్ సాకెట్ ఉందో లేదో చూడాలి.

రెండో ఇరుకు: స్లాటు

కార్డుకు, మిగతా కంప్యూటర్‌కు మధ్య డేటా నడిచే బాట పేరు పీసీఐ ఎక్స్‌ప్రెస్. దీని వేగాన్ని తేల్చేవి రెండు: బాటలో ఎన్ని వరసలున్నాయి, అది ఏ తరానిది. తరం మారినప్పుడల్లా ఒక్కో వరస వేగం దాదాపు రెట్టింపయింది. రెండో తరంలో ఒక వరస సెకనుకు అర గిగాబైటు మోస్తే, మూడో తరంలో దాదాపు ఒకటి, నాలుగో తరంలో దాదాపు రెండు.

2011లో వచ్చిన ఇంటెల్ రెండో తరం ప్రాసెసర్ల సిస్టంలో ఉండేది రెండో తరం బాట. అందులో 16 వరసలు కలిసి సెకనుకు 8 గిగాబైట్లు మోస్తాయి. పదహారు వరసలూ వాడుకునే జీటీఎక్స్ 1650కు అది చాలావరకు సరిపోతుంది. 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6400, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ సంగతి వేరు. ఖర్చు తగ్గించేందుకు ఏఎండీ వీటికి నాలుగు వరసలే ఇచ్చింది. నాలుగో తరం స్లాటులో ఆ నాలుగు వరసలే 8 గిగాబైట్ల దాకా మోస్తాయి. అదే కార్డును రెండో తరం స్లాటులో పెడితే మిగిలేది సెకనుకు 2 గిగాబైట్లు, అంటే నాలుగో వంతు. కార్డులోని 4 జీబీ మెమరీ నిండి, డేటా కోసం సిస్టం ర్యామ్ వైపు చూడాల్సి వచ్చిన ప్రతిసారీ ఈ సన్నబాట మీదే నడవాలి. కొత్త కార్డు పాత బోర్డులో తన వేగం చూపలేకపోవడానికి ఇదే మూలం.

ఇంటెల్ ఆర్క్ ఏ310, ఏ380 కార్డులకు మరో షరతుంది. వీటికి మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే ఏర్పాటు ఉండాలని ఇంటెలే చెబుతుంది. కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చూడగలిగేలా చేసే ఏర్పాటది. ఇంటెల్ పదో తరానికి ముందున్న బోర్డుల్లో సాధారణంగా అది ఉండదు. అది లేకపోతే కార్డు పనిచేసినా గేముల్లో, భారీ పనుల్లో వేగం బాగా పడిపోతుంది.

మూడో ఇరుకు: ఒకే పేరు, రెండు మెమరీలు

దుకాణంలో కార్డు గురించి అడిగితే ముందుగా చెప్పేది జీబీల లెక్క. "రెండు జీబీ, నాలుగు జీబీ" అనేది కల్లం ఎంత పెద్దదో చెబుతుందే తప్ప అక్కడికి కాయ ఎంత వేగంగా చేరుతుందో చెప్పదు. కార్డు మెమరీ సెకనుకు ఎన్ని గిగాబైట్లు అందించగలదన్న లెక్కే అసలైనది.

దీనికి జీటీ 1030 మంచి పాఠం. 2017లో వచ్చినప్పుడు అందులో జీడీడీఆర్5 మెమరీ, వేగం సెకనుకు 48 గిగాబైట్లు. మరుసటి ఏడాది అదే పేరుతో డీడీఆర్4 మెమరీ ఉన్న రకం బజారులోకి వచ్చింది. దాని వేగం దాదాపు 17 గిగాబైట్లే. పేరు జీటీ 1030, మెమరీ 2 జీబీ, రెండింటిలోనూ అంతే. డేటా అందే వేగం మాత్రం మూడో వంతు. మెమరీ రకం పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని వెతికి చదవాలి.

డీడీఆర్3 మెమరీతో వచ్చే జీటీ 710 ఇంకా కింద ఉంటుంది: సెకనుకు 14.4 గిగాబైట్లు. సిస్టంలో 1600 వేగం డీడీఆర్3 ర్యామ్ స్టిక్కులు రెండు జంటగా ఉంటే ప్రాసెసర్‌కు అందేది 25.6 గిగాబైట్లు. అంటే చౌక కార్డు సొంత మెమరీ కన్నా మదర్‌బోర్డు మీదున్న పాత ర్యామే వేగం! ఒకే స్టిక్కుతో నడుస్తున్న సిస్టంలో అదే కొలతగల రెండో స్టిక్కు జత చేస్తే బోర్డు గ్రాఫిక్స్ వేగం కూడా పెరుగుతుంది. జీటీ 710 కొనే డబ్బుతో ఆ పని చేయడం చాలామందికి లాభం. పోల్చి చూసేందుకు, జీటీఎక్స్ 1050 టీఐ మెమరీ వేగం 112 గిగాబైట్లు, తొలి జీటీఎక్స్ 1650ది 128, 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050ది 168.

నాలుగో ఇరుకు: కెమెరా రాసిన భాష

పెళ్లి వీడియో తీసే స్టూడియోలకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. కెమెరా తీసిన దృశ్యాన్ని ఉన్నదున్నట్టు దాచుకోదు. మారని భాగాలను వదిలేసి, మారిన వాటిని మాత్రమే రాసుకుని ఫైలును కుదిస్తుంది. ఆ కుదింపు పద్ధతే కోడెక్. 2003 నాటి హెచ్.264 ఇప్పటికీ ఎక్కువ వాడకంలో ఉంది. 2013లో వచ్చిన హెచ్.265 అదే నాణ్యతకు తక్కువ చోటు తీసుకుంటుంది కానీ విప్పడానికి ఎక్కువ శ్రమ. 2018 నాటి ఏవీ1 యూట్యూబ్‌లో ఎక్కువగా కనిపిస్తోంది.

టైమ్‌లైన్ మీద ప్లే నొక్కిన ప్రతిసారీ ఈ కుదింపును అప్పటికప్పుడు విప్పాలి. దానికి తగిన డీకోడర్ సర్క్యూట్ ఉంటే పని తేలిగ్గా జరుగుతుంది. లేకపోతే ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడి వీడియో ముక్కలు ముక్కలుగా కదులుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో హెచ్.265 డీకోడర్ 2015 నాటి ఆరో తరంతో వచ్చింది. ఎక్కువ రంగు ఛాయలు దాచుకునే 10-బిట్ హెచ్.265కు ఏడో తరం దాకా ఆగాల్సి వచ్చింది. అందుకే రెండు, మూడు, నాలుగో తరం సిస్టంలలో కొత్త కెమెరాల, ఫోన్ల ఫైళ్లు తడబడతాయి. ఇలాంటి చోట జీటీఎక్స్ 1050 టీఐ గానీ 1650 గానీ నిజంగా మేలు చేస్తుంది. వీటిలో హెచ్.264, హెచ్.265 విప్పే, కుదించే సర్క్యూట్లు రెండూ ఉన్నాయి. అడోబీ ప్రీమియర్ ప్రో కూడా ఎక్స్‌పోర్టుకు విండోస్‌లో ఎన్విడియా, ఏఎండీ ఎన్‌కోడర్లను 2020 నుంచి వాడుకుంటోంది. మొదటి సిస్టంలో ఎక్స్‌పోర్టు వేగం పెరిగిందన్నామే, దాని రహస్యం ఇదే.

ఇక్కడ రెండు గోతులున్నాయి. ఒకటి: జీటీ 1030, ఆర్ఎక్స్ 6400, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీలలో ఎన్‌కోడర్ అసలు లేదు. గేములు ఆడేవాళ్లకు 6500 ఎక్స్‌టీ ఒక మోస్తరు కార్డే, ఎక్స్‌పోర్టు కోసం కొన్న స్టూడియోకు మాత్రం అది అక్కరకు రాదు. రెండు: కొన్ని కెమెరాలు 4:2:2 పద్ధతిలో రికార్డు చేస్తాయి. మామూలు 4:2:0 వీడియోలో నాలుగు చుక్కలకు ఒక రంగు నమూనా దాస్తే, 4:2:2లో రెండు చుక్కలకు ఒకటి దాస్తారు. రంగులు సరిదిద్దడానికి ఇది మంచిది. కానీ 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు ముందు ఎన్విడియా గేమింగ్ కార్డులేవీ 4:2:2 ఫైళ్లను సర్క్యూట్‌తో విప్పలేవు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో హెచ్.265 రకం 4:2:2ను విప్పే శక్తి 11వ తరంతో వచ్చింది. అలాంటి ఫైళ్లతో పనిచేసే స్టూడియో 1650 కొన్నా టైమ్‌లైన్ తడబాటు పోదు.

దీనికి పైసా ఖర్చులేని మందొకటి ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీలు తయారుచేసుకోవడం. పెద్ద ఫైళ్లకు తేలికైన చిన్న నకళ్లు చేసి వాటి మీద కోతలు, అతుకులు పూర్తిచేస్తే, చివరి ఎక్స్‌పోర్టులో సాఫ్ట్‌వేర్ తనంతట తానే అసలు ఫైళ్లను తీసుకుంటుంది. రాత్రి నకళ్లు తయారయ్యేలా పెట్టి వెళ్తే పొద్దున పని సాఫీగా మొదలవుతుంది.

వేగం తగ్గిన సిస్టం కథ

మూడో సిస్టం సంగతి మిగిలింది. కార్డు వేశాక టైమ్‌లైన్ ఎందుకు నెమ్మదించింది? పెళ్లి వీడియోలవాళ్లకు బాగా పరిచయమున్న ఎడియస్ సాఫ్ట్‌వేర్ హెచ్.264 ఫైళ్ల కోసం ఏళ్ల తరబడి ఇంటెల్ క్విక్ సింక్ మీద ఆధారపడింది. క్విక్ సింక్ 2011 నుంచి ఇంటెల్ ప్రాసెసర్ల సొంత గ్రాఫిక్స్‌లో ఉన్న వీడియో విభాగం. స్లాటులో విడి కార్డు పెట్టగానే చాలా మదర్‌బోర్డులు ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ను తమంతట తామే ఆపేస్తాయి. దాంతోపాటే క్విక్ సింక్ కూడా ఆగిపోతుంది. అప్పటిదాకా సర్క్యూట్ చేసిన పని ప్రాసెసర్ నెత్తిన పడుతుంది.

మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్న ఐచ్ఛికాన్ని ఎనేబుల్ చేసి, ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ వేస్తే చాలా బోర్డుల్లో రెండూ కలిసి పనిచేస్తాయి. సెకండ్ హ్యాండ్ సిస్టం కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త: ఐ5-9400ఎఫ్ లాగా చివర ఎఫ్ అక్షరమున్న ఇంటెల్ ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు.

అయిదో ఇరుకు: మెట్ట వేసవి

పాత కృష్ణా జిల్లాలో మెట్ట సీమగా పేరుబడి, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. చిప్ వేడి గది వేడి మీద కూర్చుంటుంది. గది 30 డిగ్రీలున్నప్పుడు చిప్ 70కి చేరితే, గది 42 అయ్యాక అదే పనికి దాదాపు 82కు చేరుతుంది. జీటీఎక్స్ 10 సిరీస్ కార్డులు సాధారణంగా 83 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. శీతాకాలంలో చురుగ్గా నడిచిన కార్డు మే నెలలో నెమ్మదించడానికి కారణమిదే.

దీనికి దుమ్ము తోడవుతుంది. సున్నపురాతి నేల, పగలూ రాత్రీ లారీలు తిరిగే 65వ నంబరు జాతీయ రహదారి, రోడ్డు వైపు తెరిచి ఉండే షాపులు. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు. మార్చిలో ఒకసారి మూత విప్పి బ్లోయర్‌తో శుభ్రం చేయించాలి. ఆ సమయంలో కార్డు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది. క్యాబినెట్‌ను నేల మీది నుంచి బల్ల మీదికి మార్చి, వెనుక గోడకు జానెడు ఎడం ఉంచితే గాలి బాగా ఆడుతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు, డ్రైవర్ల ఆయుష్షు

విజయవాడలోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీగా పేరుపడ్డ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో వెతికితే వాడిన కార్డులు తక్కువ ధరకు దొరుకుతాయి. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకుని గ్రాఫిక్స్ కార్డుల అవసరం లేకుండా చేసుకుంది. అప్పటిదాకా రేయింబవళ్లు ఆ పనిలో నలిగిన కార్డులు ప్రపంచమంతటా పాత బజార్లకు చేరాయి. అలాంటి కార్డుల్లో ఫ్యాన్లు అరిగిపోయి, థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. ఆర్ఎక్స్ 580 పేరుతో దొరికేవాటిలో 2048 కోర్ల రకం కూడా ఉంది. అసలు 580లో 2,304 కోర్లుంటాయి. పైగా 580 దాదాపు 185 వాట్లు తాగుతుంది. 75 వాట్ల కార్డుతో పోలిస్తే రోజుకు 8 గంటల పూర్తి పనిలో దాదాపు 0.9 యూనిట్ ఎక్కువ. నెలకు 25 పనిరోజులు వేసుకుంటే 22 యూనిట్లు.

నకిలీల బెడద కూడా ఉంది. పాత చిప్ మీద కొత్త పేరు రాసి 1050 టీఐగా అమ్మిన కార్డులు ఎన్నో బయటపడ్డాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపితే అసలు చిప్, కోర్ల సంఖ్య, మెమరీ రకం కనిపిస్తాయి. నకిలీ అని తేలితే అదే హెచ్చరిస్తుంది. డబ్బు ఇచ్చే ముందు ఈ పరీక్ష చేయించుకోవాలి.

డ్రైవర్లకు కూడా ఆయుష్షుంటుంది. కెప్లర్ చిప్‌తో వచ్చిన జీటీ 710, 730 కార్డులకు కొత్త డ్రైవర్లు 2021లోనే ఆగిపోయాయి. జీటీ 1030, జీటీఎక్స్ 1050 టీఐలకు 2025 అక్టోబరుతో మామూలు డ్రైవర్లు ముగిశాయి, భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామని ఎన్విడియా చెప్పింది. ఈ కార్డులు రేపే ఆగిపోవు. అయితే కొత్త సాఫ్ట్‌వేర్ వెర్షన్లు వీటిని క్రమంగా వదిలేస్తాయి. ధర దాదాపు ఒకటే అయినప్పుడు 1050 టీఐ కన్నా 1650 తీసుకోవాలనేది ఇందుకే.

ఇరుకును కనిపెట్టే పరీక్ష

దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. మీరు రోజూ చేసే బరువైన పని మొదలుపెట్టి, విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పర్ఫార్మెన్స్ పేజీలో ఏ గీత పైకప్పును తాకుతోందో చూడండి. డిస్క్ 100 శాతంలో ఉంటే ఎస్ఎస్‌డీ కావాలి. మెమరీ 90 దాటితే ర్యామ్ కావాలి. వీడియో ప్లే చేస్తుండగా ప్రాసెసర్ 100కు చేరి, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) పేజీలో వీడియో డీకోడ్ గీత నేల మీదే ఉంటే మీకు కావలసింది తగిన డీకోడర్ ఉన్న కార్డు. మరీ పాత బోర్డు గ్రాఫిక్స్‌కు ఈ జీపీయూ గీత కనిపించకపోవచ్చు. అప్పుడు మిగతా మూడు చూసినా సగం సంగతి తెలుస్తుంది.

[బాక్స్] పనిని బట్టి ఎంపిక

*డీటీపీ, మీసేవ, బిల్లింగ్:* పేజ్‌మేకర్, అను ఫాంట్లతో నడిచే పనికి కార్డు అక్కర్లేదు. హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేస్తే పాత సిస్టం కొత్త ఊపిరి పోసుకుంటుంది.

*ఆల్బమ్, ఫ్లెక్సీ డిజైనింగ్:* కరిజ్మా షీటులో ఒక్కో పూర్తి లేయర్ దాదాపు 117 మెగాబైట్లు. పది లేయర్లకు ఒక జీబీ దాటుతుంది. ముందు 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. ఆ తరవాతే 4 జీబీ కార్డు.

*పెళ్లి వీడియో:* జీటీఎక్స్ 1650 లేదా 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050. రెండోది ఏవీ1ను కూడా విప్పగలదు. ఎన్‌కోడర్ లేని కార్డు వద్దు.

*రెండో మానిటర్ కోసం, లేదా బోర్డు డిస్‌ప్లే పోయినప్పుడు:* దొరికిన చిన్న కార్డు చాలు.

*గేములు, త్రీడీ, ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థులు:* ఎన్విడియా కార్డైతే లెక్కల కోర్లతో ప్రోగ్రాములు నడిపే క్యూడా సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది. 4 జీబీతో పాఠాలు మొదలుపెట్టవచ్చు, పెద్ద ఏఐ మోడళ్లకు మాత్రం అది చాలదు.

ఎక్కడ ఆగాలి?

పాత యంత్రాన్ని నిలబెట్టుకోవడం మంచి పొదుపు. కానీ కార్డుకు తోడు కొత్త ఎస్ఎంపీఎస్, దాని కోసం క్యాబినెట్, వీజీఏ కన్వర్టర్, పెద్ద యూపీఎస్ అంటూ జాబితా పెరుగుతుంటే ఆగి లెక్క వేయాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కోరేది ఇంటెల్ ఎనిమిదో తరం, ఆపైన. అదే ఎనిమిదో తరం ప్రాసెసర్ సొంత గ్రాఫిక్స్‌లో 10-బిట్ హెచ్.265ను విప్పే, కుదించే సర్క్యూట్లు రెండూ ఉన్నాయి. కాబట్టి మార్పులన్నిటి ఖర్చు కలిపి సెకండ్ హ్యాండ్ ఎనిమిదో తరం సిస్టం ధరకు దగ్గరైతే, ఆ సిస్టంకే వెళ్లడం తెలివైన పని. చాలా స్టూడియోలకు అప్పుడు కార్డు అవసరమే ఉండకపోవచ్చు.

చిన్న ఊళ్లో సీజన్ సంపాదనతో కొనే కార్డు ఒక ఏడాది లాభంలో పెద్ద ముక్క. అందుకే కొనేవాళ్లు మొహమాటం లేకుండా అడగాలి: మెమరీ ఏ రకం? ఎన్ని వాట్లు? విడి వైరు కావాలా? ఎన్ని వరసల కార్డు? ఎన్‌కోడర్ ఉందా? ఈ అయిదింటికీ జవాబులను మోడల్ పేరుతో సహా జీఎస్‌టీ బిల్లు మీద రాసి ఇమ్మనాలి. రాసి ఇచ్చే దుకాణంలో కొనండి. రాయడానికి వెనకాడిన చోట ధర ఎంత తక్కువైనా కొనకండి.